టోపీల ఫొటోలు చాలు సార్, గోల్డ్ కప్ కొట్టిన గుర్రం గురించి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రతి జూన్‌లో ఇంగ్లండ్‌లో రాయల్ అస్కాట్ రేసులు జరిగే వారం మన పేపర్లన్నిట్లో ఒకటే ఫొటో వస్తుంది, పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, పక్కన బగ్గీలో రాజుగారు, కింద రెండు లైన్ల క్యాప్షన్, అంతే. మీ పేపర్‌లో కూడా అంతే. ఆ ఫొటో తీసేది ఎక్కువగా గురువారం నాడు, ఆ గురువారం మధ్యాహ్నం అక్కడ అసలు ఏం జరిగిందో, ఏ గుర్రం గెలిచిందో ఒక్క ముక్క ఉండదు. ఆ రోజు జరిగేది గోల్డ్ కప్. 1807లో మొదలైన రేసు, నాలుగేళ్ళు ఆపై వయసున్న గుర్రాలకి మాత్రమే, దూరం రెండు మైళ్ళ నాలుగు ఫర్లాంగులు అంటే మన లెక్కలో దాదాపు 4 కిలోమీటర్లు, మధ్యలో దూకడాలూ దాటడాలూ లేని ఫ్లాట్ రేసు. రెండు వందల ఏళ్ళు దాటిన ఈ రేసు చరిత్ర తెలుగులో సరిగ్గా ఒక్కసారైనా వస్తుందేమో అని చాలా ఏళ్ళుగా చూసి చూసి ఇంక నేనే రాస్తున్నాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను మలక్‌పేటలో ఉంటాను. రేసులంటే జూదం కదా అని మీరు అనుకోవచ్చు, చాలామంది అనుకుంటారు, పందెం కాసి ఇల్లు గుల్ల చేసుకున్న వాళ్ళని మా పేటలో నేనూ చూశాను, ఆ బాధ చిన్నది కాదు. నాకు బెట్టింగ్ అలవాటు లేదు, నేను చూసేది గుర్రాల్ని. ఒక గుర్రాన్ని మూడు నాలుగేళ్ళు వరసగా చూస్తే దాని నడక, దాని తలతిప్పుడు, గేట్‌లోకి వెళ్ళేటప్పుడు మొండికేసే పద్ధతి అన్నీ తెలిసిపోతాయి. కానీ రేసుల లోకంలో వచ్చిన గొడవ ఏంటంటే అంత కాలం మనల్ని ఆ గుర్రాన్ని చూడనివ్వరు.

ఎందుకో చెప్తాను. రేసుల్లో పెద్ద పేరున్న డర్బీ మూడేళ్ళ గుర్రాలకి మాత్రమే. ఇంగ్లండ్ డర్బీ అయినా మన దగ్గర దక్కన్ డర్బీ అయినా ఒక గుర్రం జీవితంలో ఒక్కసారే పరిగెత్తగలదు. అది గెలిచిందంటే దాని రేటు ఆకాశానికి అంటుతుంది, ఇంక మళ్ళీ ట్రాక్ మీదకి దింపి ఓడిపోతే రేటు పడిపోతుందని ఓనర్లకి భయం, అందుకని చాలా గుర్రాల్ని అదే ఏడాది చివర్లో బ్రీడింగ్ కోసం, అంటే పిల్లల కోసం, స్టడ్ ఫార్మ్‌కి పంపించేస్తారు. అంటే ఇంకా పూర్తిగా ఎదగకముందే దాని ఆట అయిపోతుంది. గుర్రం కండ, ఎముక, ఊపిరి గట్టిపడేది నాలుగు అయిదేళ్ళ దగ్గర, అసలు బలం వచ్చే టైమ్‌కి అది మనకి కనపడదు.

మన ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందేలు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని వయసుని బట్టి పెడతారు, చివర్లో సీనియర్స్. పాలపళ్ళ గిత్తల్ని చూసి ముచ్చటపడతాం కానీ సీనియర్ జతలు దిగేటప్పుడు కదా ఊరు ఊరంతా బరి చుట్టూ చేరేది. గుర్రప్పందేల్లో ఆ సీనియర్స్ విభాగం లాంటిదే గోల్డ్ కప్.

యేట్స్ అని ఒక గుర్రం ఉంది, దాని సంగతి చెప్తే నా బాధ మీకు ఇంకా బాగా తెలుస్తుంది. 2001లో పుట్టింది, ఐర్లండ్‌లో ఎయిడన్ ఓబ్రైన్ ట్రైనింగ్. 2004 డర్బీకి ముందు అందరి నోటా దాని పేరే, ఫేవరెట్ అదే, తీరా రేసు దగ్గరికొచ్చేసరికి దెబ్బ తగిలి డర్బీలో దిగనే లేదు. వేరే ఎవరైనా అయితే అక్కడితో దాని కథ ముగించేవాళ్ళు. వీళ్ళు ఆగారు. మరుసటి ఏడాది ఎప్సమ్‌లోనే, అంటే ఏ కోర్స్‌లో డర్బీ తప్పిపోయిందో అదే కోర్స్‌లో, పెద్ద వయసు గుర్రాలకి పెట్టే కొరొనేషన్ కప్ గెలిచింది. 2006లో గోల్డ్ కప్. 2007లో మళ్ళీ. 2008లో మళ్ళీ. 2009కి దానికి ఎనిమిదేళ్ళు, ఆ సీజన్ మొదటి రేసులో సరిగ్గా పరిగెత్తలేదు, అయిపోయింది ముసలిదైపోయింది అన్నారు. జూన్‌లో అస్కాట్‌కి వచ్చి జానీ మర్టా స్వారీలో నాలుగోసారి కొట్టింది. వరసగా నాలుగేళ్ళు. అంతకుముందు రెండు వందల ఏళ్ళలో ఏ గుర్రమూ నాలుగుసార్లు గెలవలేదు, ఆ తర్వాత కూడా ఇప్పటిదాకా ఏదీ గెలవలేదు. ఆ రోజు స్టాండ్స్‌లో జనం పందెం గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళు అని తేడా లేకుండా అరిచిన అరుపులు వీడియోలో ఇప్పటికీ వినొచ్చు, నేను ఆ వీడియో చూసినప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అస్కాట్‌లో గుర్రాల్ని తిప్పి చూపించే పరేడ్ రింగ్ దగ్గర ఇప్పుడు దాని కంచు విగ్రహం ఉంది. డర్బీ మాత్రమే లెక్క అనుకుంటే యేట్స్ అనే పేరు ఎవరికీ తెలిసేదే కాదు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం, ఎందుకంటే పెద్ద వయసు గుర్రాల రేసు అనేది కొత్తగా దయతలిచి పెట్టింది కాదు, అసలు రేసులు మొదలైందే వాటితో. అస్కాట్‌లో రేస్‌కోర్స్ పెట్టింది ఆన్ రాణి, 1711లో, విండ్సర్ కోట దగ్గర్లో ఆ బయలు చూసి గుర్రాలు దౌడు తీయడానికి భలే చోటు అనుకుందట. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన మొట్టమొదటి రేసు ఆరేళ్ళు దాటిన గుర్రాలకి, నాలుగేసి మైళ్ళ చొప్పున మూడు హీట్లు అంటే మూడు విడతలు, వీపు మీద 12 స్టోన్ల బరువు, అంటే 76 కిలోలు. ఒకే రోజు పన్నెండు మైళ్ళు, ఊహించుకోండి. ఆ కాలంలో గుర్రానికి అయిదారేళ్ళు వచ్చేదాకా రేసులో దింపేవాళ్ళే కాదు చాలామంది. ఎక్లిప్స్ అని రేసుల చరిత్రలో అందరూ దండం పెట్టే గుర్రం, 18 రేసులు పరిగెత్తి ఒక్కటీ ఓడనిది, అది మొదటి రేసు పరిగెత్తింది 1769లో అయిదో ఏట. తర్వాత తర్వాత జనానికి తొందర ఎక్కువైంది, పెట్టిన డబ్బు త్వరగా తిరిగి రావాలి, పొట్టి రేసులు కావాలి, అట్లా మూడేళ్ళ గుర్రాల రేసులు పుట్టాయి, 1776లో సెయింట్ లెజర్, 1779లో ఓక్స్, 1780లో డర్బీ. ఇవి వచ్చాక 1807లో గోల్డ్ కప్ పెట్టారు. మూడో జార్జ్ రాజు, షార్లెట్ రాణి వచ్చి చూశారు, మాస్టర్ జాకీ అనే గుర్రం గెలిచింది, ప్రైజ్ 100 గినీలు, అంటే అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు. మొదట్లో మూడేళ్ళ గుర్రాలకీ ఎంట్రీ ఉండేది, తర్వాత నాలుగు ఆపైన అని ఖాయమైంది.

1844లో రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ ఇంగ్లండ్ వచ్చి ఈ రేసు చూశాడు. ఆ రోజు గెలిచిన గుర్రానికి అప్పటికి పేరే పెట్టలేదు, చక్రవర్తి వచ్చాడు కదా అని దానికి ది ఎంపరర్ అని పేరు పెట్టేశారు, ఆయన పొంగిపోయి ప్రతి ఏడాదీ ఒక ట్రోఫీ ఇస్తానన్నాడు, దాంతో రేసు పేరు కూడా ఎంపరర్స్ ప్లేట్ అయిపోయింది. అదే గుర్రం మరుసటి ఏడాది కూడా గెలిచి పేరు నిలబెట్టుకుంది. రేసు తొమ్మిదేళ్ళు ఆ పేరుతోనే నడిచింది, ఆ తర్వాత క్రిమియా యుద్ధం వచ్చి రష్యాతోనే కొట్లాట కాబట్టి 1854లో మళ్ళీ గోల్డ్ కప్ అనేశారు. ఆ ఏడాది గెలిచింది వెస్ట్ ఆస్ట్రేలియన్, అంతకు ముందు ఏడాదే మూడేళ్ళ వయసులో 2000 గినీస్ అనే రేసు, డర్బీ, సెయింట్ లెజర్ మూడూ కొట్టిన మొట్టమొదటి గుర్రం. ఇక్కడ గమనించండి, అంత గొప్ప గుర్రాన్ని కూడా రిటైర్ చేయకుండా మరుసటి ఏడాది గోల్డ్ కప్‌కి తెచ్చారు, అప్పట్లో అదే పద్ధతి, డర్బీ గెలిస్తే మంచి గుర్రం, గోల్డ్ కప్ కూడా గెలిస్తేనే గొప్ప గుర్రం అనేవాళ్ళు.

1866 రేసు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. గ్లాడియాటర్ అనే ఫ్రెంచ్ గుర్రం ముందు ఏడాది ఇంగ్లండ్ వచ్చి డర్బీతో సహా మూడు పెద్ద రేసులూ ఊడ్చుకుపోయింది, ఫ్రాన్స్‌లో దాన్ని వాటర్లూ యుద్ధంలో ఇంగ్లండ్ చేతిలో ఓటమికి పగ తీర్చిన గుర్రం అన్నారు. గోల్డ్ కప్‌కి వచ్చేటప్పటికి దాని కాలు బాగాలేదు, ఎప్పటినుంచో కుంటుడు సమస్య. పోటీలో మూడే గుర్రాలు. జాకీ హ్యారీ గ్రిమ్‌షా దిగుడులో కాలికి దెబ్బ తగలకూడదని పగ్గాలు బిగించి నెమ్మదిగా తీసుకెళ్ళాడు, ముందున్న గుర్రం ఎంత దూరం పోయిందంటే దాదాపు మూడు వందల గజాలు. చూసేవాళ్ళు ఇంక అయిపోయింది అనుకున్నారు. దిగుడు అయిపోయి ఎత్తు మొదలయ్యాక పగ్గాలు వదిలాడు. అంతే, ఎక్కడో వెనకున్నది వెనకున్నట్టే వచ్చి రెండిటినీ దాటేసి 40 లెంగ్తుల తేడాతో, అంటే నలభై గుర్రాల పొడుగంత దూరంతో, గెలిచింది. పన్నెండు వందల మీటర్ల రేసులో ఇట్లాంటిది చూడలేం, అక్కడ గేట్ తీసిన పది సెకన్లకే సగం కథ తేలిపోతుంది. నాలుగు కిలోమీటర్లు ఉంటేనే జాకీకి ఆలోచించే టైమ్, గుర్రానికి కోలుకునే టైమ్, చూసేవాళ్ళకి కంగారుపడే టైమ్ ఉంటుంది.

అస్కాట్ కోర్స్ కూడా అట్లాంటిదే. కుడివైపు తిరిగే మూడు మూలల ట్రాక్, గోల్డ్ కప్ స్టాండ్స్ ముందున్న స్ట్రెయిట్‌లో మొదలవుతుంది, జనం ముందునుంచి ఒకసారి వెళ్ళి మలుపు తిరిగి కిందికి దిగుతూ స్విన్లీ బాటమ్ అనే పల్లం దాకా పోయి, అక్కడినుంచి చివరిదాకా ఎక్కుడే. ఆఖరి మలుపు తిరిగాక మిగిలేది రెండున్నర ఫర్లాంగుల చిన్న స్ట్రెయిట్. కింద పల్లంలో తొందరపడి బలం ఖర్చు పెట్టిన గుర్రం ఆ ఎక్కుడులో నిలబడిపోతుంది, మరీ వెనక ఉండిపోయిన గుర్రానికి ఆ చిన్న స్ట్రెయిట్ చాలదు.

1884లో సెయింట్ సైమన్. దీని మొదటి ఓనర్ చనిపోతే అప్పటి రూల్ ప్రకారం క్లాసిక్, అంటే మూడేళ్ళ గుర్రాల పెద్ద రేసు, ఎంట్రీ రద్దయిపోయింది, డర్బీకి అసలు ఎంట్రీయే లేదు, పోర్ట్‌లాండ్ డ్యూక్ 1600 గినీలకి కొనుక్కున్నాడు. ముందు ఏడాది గోల్డ్ కప్ గెలిచిన ట్రిస్టన్‌ని ఇది 20 లెంగ్తులతో ఓడించింది, రేసు అయిపోయాక కూడా ఆగకుండా ఇంకా చాలా దూరం పరిగెడుతూనే ఉందని చెప్తారు. జీవితంలో ఒక్క రేసూ ఓడలేదు. తర్వాత బ్రీడింగ్‌లో తొమ్మిది సార్లు ఇంగ్లండ్ నంబర్ వన్ స్టాలియన్, దాని పిల్ల పెర్సిమన్ ఇంగ్లండ్ యువరాజు గుర్రం, అది డర్బీ గెలిచి 1897లో గోల్డ్ కప్ కూడా గెలిచింది. దీర్ఘ దూరం గెలిచిన గుర్రం పిల్లలకి వేగం ఉండదు అని ఇవాళ అనేవాళ్ళకి ఈ ఒక్క గుర్రం చాలు జవాబు.

1907 సంగతి పేపర్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. ఆ ఏడాది రేసుకి రెండు రోజుల ముందు అస్కాట్‌లో జనం చూడ్డానికి పెట్టిన బంగారు కప్పునే ఎవరో ఎత్తుకెళ్ళిపోయారు, కాపలా ఉండగానే, పట్టపగలు. ఇప్పటిదాకా దొరకలేదు, దొంగ ఎవరో కూడా తేలలేదు. అదే రోజు అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ ఇంగ్లండ్‌లో ఓడ దిగాడు, లండన్ పేపర్ల పోస్టర్ల మీద మార్క్ ట్వేన్ వచ్చాడు అస్కాట్ కప్పు పోయింది అని రెండు వార్తలూ ఒకదాని కింద ఒకటి వేసేసరికి ఆయన తర్వాత స్పీచ్‌ల్లో ఆ కప్పు నేను తియ్యలేదు మహాప్రభో అని చెప్పుకుంటూ తిరిగాడు. రేసు కూడా తిన్నగా జరగలేదు, ది వైట్ నైట్, ఈడర్ రెండూ డెడ్ హీట్ అంటే సమానంగా వచ్చాయి, తర్వాత ఈడర్‌ని డిస్‌క్వాలిఫై చేసి వైట్ నైట్‌కి ఇచ్చారు, అది మరుసటి ఏడాది ఏ గొడవా లేకుండా మళ్ళీ గెలిచింది.

1913లో డర్బీలో ఓటు హక్కు కోసం ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డం వెళ్ళి చనిపోయిన సంగతి చాలామందికి తెలుసు. ఆ డర్బీ అయిన పదిహేను రోజులకే గోల్డ్ కప్‌లో హెరాల్డ్ హ్యూయిట్ అనే ఆయన ఒక చేతిలో జెండా, ఒక చేతిలో రివాల్వర్‌తో ట్రాక్ మీదకి వచ్చేశాడు, ముందు పోతున్న ట్రేసరీ అనే గుర్రం ఆయన్ని గుద్దుకుని పడిపోయింది. గుర్రమూ జాకీ బతికిపోయారు, ఆయనకి తలకి పెద్ద గాయమైనా బతికాడు. ఇది మాత్రం ఎక్కడా ఎవరూ చెప్పరు, డర్బీలో జరిగిందే చరిత్ర, గోల్డ్ కప్‌లో జరిగింది కాదు అన్నట్టు.

ఇక 1936. అమెరికాలో ముందు ఏడాది ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద రేసులూ, కొట్టిన ఒమాహా అనే గుర్రాన్ని ఓడలో ఇంగ్లండ్ తెచ్చారు గోల్డ్ కప్ కోసమే. ఎదురుగా క్వాష్డ్ అనే ఆడగుర్రం, ముందు ఏడాది ఓక్స్ గెలిచింది. ఆ చిన్న స్ట్రెయిట్ మొత్తం రెండూ పక్కపక్కనే, ఎవరూ తగ్గలేదు, చివరికి క్వాష్డ్ షార్ట్ హెడ్‌తో గెలిచింది, అంటే ముక్కు తేడా కన్నా కొంచెం ఎక్కువ. నాలుగు కిలోమీటర్లు పరిగెత్తి ఆ మాత్రం తేడా.

తర్వాత జరిగిందే నాకు నచ్చనిది. 1944 డర్బీ గెలిచిన ఓషన్ స్వెల్ 1945లో గోల్డ్ కప్ గెలిచింది. డర్బీ గెలిచిన గుర్రం గోల్డ్ కప్ కూడా గెలవడం అదే ఆఖరు, ఎనభై ఏళ్ళయింది. 1969 డర్బీ విన్నర్ బ్లేక్నీ 1970లో వచ్చి రెండో స్థానంలో ఆగింది. తర్వాత డర్బీ విన్నర్లని ఇటు తేవడమే దాదాపు మానేశారు. కారణం ఏంటంటే యుద్ధం తర్వాత బ్రీడింగ్ మొత్తం వ్యాపారం అయిపోయింది, రెండేళ్ళకే పరిగెత్తాలి, మైలు, మైలున్నర వేగంగా కొట్టాలి, అట్లాంటి గుర్రానికే డబ్బు. గోల్డ్ కప్ గెలిస్తే స్టేయర్, అంటే దూరం పరిగెత్తే గుర్రం, అని ముద్ర, స్టేయర్ అంటే నిదానం అని ముద్ర. మధ్యలో 1969లో లెవ్‌మాస్ అనే గుర్రం జూన్‌లో గోల్డ్ కప్ గెలిచి అదే అక్టోబర్‌లో పారిస్‌లో మైలున్నర ఆర్క్ రేసు కూడా గెలిచి ఆ మాట తప్పని చూపించింది, అయినా మార్కెట్ వినలేదు. యేట్స్ సంగతి చెప్పాను కదా, నాలుగుసార్లు గెలిచిన ఆ గుర్రాన్ని చివరికి హర్డిల్స్ దూకే గుర్రాల బ్రీడింగ్‌కి పంపించారు, ఫ్లాట్ రేసుల బ్రీడర్లు దాని జోలికి పెద్దగా రాలేదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఓపిక, గట్టి కాళ్ళు, ఎనిమిదో ఏట కూడా ఉత్సాహంగా ట్రాక్ మీదకి రావడం, ఇవి గుర్రం జాతికి కావాల్సిన గుణాలు కావా, వీటిని వదిలేసి వేగం మాత్రమే ఏరుకుంటూ పోతే కొన్ని తరాలకి మిగిలే గుర్రం ఎట్లా ఉంటుంది?

రేసు మాత్రం చావలేదు, గుర్రాలే దాన్ని బతికించాయి. 1975, 76, 77 మూడేళ్ళు ఫ్రాన్స్ నుంచి వచ్చిన సగారో గెలిచింది, మూడుసార్లు గెలవడం అదే మొదలు, మూడుసార్లూ జాకీ లెస్టర్ పిగట్. పిగట్ ఈ రేసు మొత్తం 11 సార్లు గెలిచాడు. 2013లో ఎలిజబెత్ రాణి గుర్రం ఎస్టిమేట్ నెక్ అంటే మెడ పొడుగు తేడాతో గెలిచింది, గద్దె మీదున్న రాజు గానీ రాణి గానీ ఓనర్‌గా గోల్డ్ కప్ గెలవడం అప్పటిదాకా జరగలేదు. అన్ని కిరీటాలూ వేడుకలూ చూసిన ఆవిడ ఆ రోజు బాక్స్‌లో నవ్విన నవ్వు ఒకసారి చూడండి.

తర్వాత స్ట్రాడివేరియస్ వచ్చింది, 2018, 19, 20 మూడేళ్ళు, జాన్ గోస్డెన్ ట్రైనర్, ఫ్రాంకీ డెటోరీ జాకీ. 2019లో గోల్డ్ కప్, గుడ్‌వుడ్ కప్, డాన్‌కాస్టర్ కప్ మూడూ ఒకే ఏడాది కొట్టింది. 2020లో కోవిడ్, స్టాండ్స్ మొత్తం ఖాళీ, వాన పడి నేల మెత్తగా ఉంది, అందులో 10 లెంగ్తుల తేడాతో గెలిచింది, అరవడానికి ఒక్క మనిషి లేడు, అది తల్చుకుంటే బాధేస్తుంది. నాలుగోదాని కోసం 2021లోనూ 2022లోనూ వచ్చింది, గెలవలేదు, కానీ ఎనిమిదేళ్ళ వయసులో మూడో స్థానంలో వచ్చింది. ఆ 2022లో గెలిచింది నాలుగేళ్ళ కిప్రియోస్. మరుసటి ఏడాది కిప్రియోస్‌కి కాలి జాయింట్‌కి ఇన్ఫెక్షన్ వచ్చి బతుకుతుందో లేదో అన్నారు, పరిగెత్తడం సంగతి తర్వాత. కోలుకుని 2024లో మళ్ళీ వచ్చి గోల్డ్ కప్ గెలిచింది, ఆ ఏడాది దిగిన ఏడు రేసులూ గెలిచింది. ఆ 2024 రేసులో దాని వెనకే రెండోదిగా వచ్చిన ట్రాలర్‌మన్ 2025లో ఏడో ఏట గెలిచింది. చూడండి ఎట్లా ఒకదానికొకటి అల్లుకుపోతున్నాయో, ఓడింది మళ్ళీ వస్తుంది, జబ్బు పడింది మళ్ళీ వస్తుంది, ముందు ఏడాది సంగతి జనానికి గుర్తుంటుంది. మూడేళ్ళ గుర్రాల రేసులో ఈ మళ్ళీ అనేదే లేదు.

మన దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లో రేసులు నిజాం కాలంలో మౌలాలీలో మొదలై 1886లో మలక్‌పేటకి వచ్చాయి, అంటే మా పేటలో గుర్రాలు పరిగెత్తడం మొదలై దాదాపు నూట నలభై ఏళ్ళు. దేశం మొత్తం మీద పెద్ద వయసు గుర్రాలకి ఉన్న పెద్ద రేసు ఇండియన్ టర్ఫ్ ఇన్విటేషన్ కప్, 1963లో మొదలైంది, నాలుగేళ్ళు ఆపైన ఉన్నవాటికి, 2400 మీటర్లు, ఒక్కో ఏడాది ఒక్కో ఊర్లో, హైదరాబాద్‌కి కూడా వంతు వస్తుంది. అదే వీకెండ్ స్టేయర్స్ ట్రోఫీ అని 3000 మీటర్ల రేసు కూడా ఉంటుంది. డర్బీ నాడు మన పేపర్లు కొంచెమైనా రాస్తాయి, ఈ రెండిటి గురించి తెలుగులో నేను చదివింది దాదాపు సున్నా.

పొద్దున్నే ట్రాక్ దగ్గర ఎక్సర్‌సైజ్ అయ్యాక గుర్రాన్ని చల్లార్చడానికి గుండ్రంగా తిప్పుతుంటారు, అట్లా ఒక ఆరేళ్ళ గుర్రాన్ని తిప్పుతున్న సైసుతో, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషితో, నేను ఒకసారి మాట్లాడాను. మెడ దగ్గర చెమట నురగ కట్టింది, ఆయన గోనెపట్టాతో తుడుస్తూ నడుస్తున్నాడు, గుర్రం ఆయన భుజం మీద గడ్డం ఆనించి నడుస్తోంది. చిన్న గుర్రాలకీ దీనికీ తేడా ఏంటన్నా అని అడిగితే, "చిన్నయి ఊకె గుంజుతయి సార్, పగ్గం ఆగది. దీనికి తొందర లేదు, ఎక్కడ ఊపిరి పట్టాల్నో ఎక్కడ ఉరకాల్నో దీనికే ఎరుక, జాకీ ఊకె కూసుంటె చాలు" అన్నాడు. పెద్ద పెద్ద ఎక్స్‌పర్ట్‌లు టీవీలో గంటసేపు చెప్పేది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. అట్లాంటి మనుషుల్ని మీ రిపోర్టర్లు ఒక్కసారి పలకరిస్తే ఎంత మంచి స్టోరీలు వస్తాయో.

ఇంకో మాట, ఇది రాయకుండా ఉండలేను. హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ తరలించిన గుర్రాల్లో కొన్ని చనిపోయాయని 2025లో వార్తలొచ్చాయి, మీరూ వేశారు. చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. ఎవరిది తప్పు ఎంత అనేది విచారించేవాళ్ళు చూసుకుంటారు, నేను అనేది వేరే. గుర్రానికి పేరు, చరిత్ర, జనం గుర్తు ఉన్నప్పుడు అది ఎక్కడుంది ఎట్లా ఉంది అని అడిగేవాళ్ళు ఉంటారు. కిప్రియోస్‌కి జబ్బు చేస్తే ఎంతోమంది కనుక్కున్నారు. మన గుర్రాలకి మూడో ఏట రెండు రేసులు, ఒక రిజల్ట్ లైన్, తర్వాత ఎవరికీ తెలియదు. పేపర్‌లో నాలుగేళ్ళు వరసగా ఒక గుర్రం పేరు కనపడితే దాన్ని ఎక్కడో షెడ్‌లో తిండి లేకుండా వదిలేయడం అంత సులువు కాదు.

రేస్‌కోర్స్‌ల పరిస్థితి కూడా మీకు తెలిసిందే, సింగపూర్‌లో 2024 అక్టోబర్‌తో రేసులు పూర్తిగా ఆగిపోయాయి, చెన్నై గిండీలో స్థలం గొడవ, మన దగ్గర పందేల మీద జీఎస్టీ ముందు 28 శాతం, 2025 సెప్టెంబర్ నుంచి 40 శాతం. పన్ను మంచిదా చెడ్డదా అని నేను వాదించను, ఆ డబ్బు ఎటు పోవాలో ప్రభుత్వం ఇష్టం. కానీ డబ్బు తగ్గినప్పుడు క్లబ్బులు ముందుగా కోసేది పొడుగు రేసుల్ని, పెద్ద గుర్రాల రేసుల్ని, ఎందుకంటే వాటిలో దిగే గుర్రాలు తక్కువ, పందెం టర్నోవర్ తక్కువ. అక్కడ కొయ్యొద్దు అని మాత్రం నా విన్నపం. ఇంగ్లండ్‌లో గోల్డ్ కప్‌ని కూడా పట్టించుకోని రోజులు వచ్చాయి, దూరం తగ్గించకుండా అట్లాగే నిలబెట్టుకున్నారు కాబట్టి యేట్స్, స్ట్రాడివేరియస్ లాంటివి వచ్చే వీలు మిగిలింది. 2018లో స్టేయర్ల రేసులు వరసగా గెలిస్తే పది లక్షల పౌండ్ల బోనస్ అని పెట్టారు, మొదటి ఏడాదే స్ట్రాడివేరియస్ కొట్టుకుపోయింది, 2019లో మళ్ళీ కొట్టుకుపోయింది, ఓనర్లు పెద్ద గుర్రాల్ని ఉంచుకోవాలంటే ఇట్లాంటిది ఏదో ఒకటి ఇక్కడ కూడా ఆలోచించొచ్చు, అంత మొత్తం కాకపోయినా.

మీకు నేను అడిగేది చిన్నది. వచ్చే జూన్‌లో అస్కాట్ వారం టోపీల ఫొటో వెయ్యండి, వద్దనను, పక్కన ఒక కాలమ్‌లో ఆ రోజు గోల్డ్ కప్ గెలిచిన గుర్రం పేరు, దాని వయసు, అది అంతకుముందు ఏడాది ఏం చేసింది, ఎవరు స్వారీ చేశారు అనేది తెలుగులో వెయ్యండి. అట్లాగే ఇన్విటేషన్ కప్ జరిగే వారం అందులో దిగే గుర్రాల గురించి, రేట్లూ టిప్సూ కాదు, గుర్రాల గురించే, సండే ఎడిషన్‌లో అరపేజీ ఇవ్వండి. రాసేవాళ్ళు లేరంటే చెప్పండి, మా మలక్‌పేటలో పొద్దున అయిదున్నరకి ట్రాక్ దగ్గర నిలబడి ఒక్కో గుర్రం నాలుగేళ్ళ చరిత్ర నోటితో చెప్పే మనుషులు ఉన్నారు, మీ రిపోర్టర్‌ని పంపిస్తే నేనే తీసుకెళ్ళి పరిచయం చేస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్